సాయంత్రం గాలివాన, వాగు పొంగు: మధ్యాహ్నానికే ఎట్లా పసిగట్టాలి?

హాలియా_వడ్లు:
మా హాలియా (నల్లగొండ జిల్లా) కొనుగోలు కేంద్రంల యాసంగి వడ్లు ఆరబోసి ఉన్నయి. జిల్లా మొత్తానికి ఒకటే పసుపు హెచ్చరిక వస్తది. దాన్ని పట్టుకొని రోజూ పట్టాలు (టార్పాలిన్లు) కప్పితే తేమ 17 శాతానికి దిగదు, కప్పకపోతే తడుస్తయి. సాయంత్రం మబ్బు మా దిక్కే వస్తదని రెండు, మూడింటికల్లా తెలిసే గుర్తులున్నయా? ఇంకోటి, లారీలు పోయే తొవ్వల లోలెవల్ వంతెన ఉంది. ఇక్కడ చుక్క పడకున్నా వాగు వస్తది. ఎంత ముందు తెలుస్తది?

మబ్బులపటం:
పసుపు అంటే కనిపెట్టుకొని ఉండమని మాత్రమే. ఏ ఊరి మీద పడుతుందో పొద్దున ఎవరూ చెప్పలేరు. ఒక్కో మబ్బు పది, పదిహేను కిలోమీటర్ల వెడల్పే, పుట్టి కూలడానికి గంట చాలు.

పొద్దున వాతావరణ కేంద్రం బులెటిన్‌లో ద్రోణి (గాలి పీడనం తక్కువగా ఉండే పొడవాటి పట్టీ) మాట ఉందా చూడండి. విదర్భ లేదా మరాఠ్వాడా నుంచి కర్ణాటక మీదుగా దక్షిణానికి ద్రోణి ఉంటే, దానికి తూర్పున బంగాళాఖాతం తేమ గాలి మనవైపు వస్తుంది. బేగంపేటలో ఉదయం 5:30కి వదిలే బెలూన్ లెక్కల్లో కేప్ (గాలి పైకి లేవడానికి ఉన్న శక్తి కొలత) 2000 దాటితే మబ్బు పెరగడానికి సరిపడా బలం ఉన్నట్టే. కానీ నేల దగ్గరి తేమ గాలి పైన వెచ్చటి గాలి పొర మూతలా ఉంటే, ఎంత ఉక్కపోసినా ఏమీ జరగదు. చాలా అంచనాలు తప్పేది ఇక్కడే.

‘ఎండ ముదిరితే వాన’ అన్నది సగం నిజం. మధ్యాహ్నం ఉష్ణోగ్రతలోంచి మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) తీసేసి 125తో గుణిస్తే మబ్బు అడుగుభాగం ఎన్ని మీటర్ల ఎత్తున ఉంటుందో దాదాపుగా తెలుస్తుంది. 42, 18 అయితే 3000 మీటర్లు. అంత ఎత్తు నుంచి పడే చినుకులు దారిలోనే ఆవిరై, చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దూకుతుంది: దుమారం ఎక్కువ, వాన తక్కువ. 36, 22 అయితే 1750 మీటర్లే, అప్పుడు వాన గట్టిగా పడుతుంది.

ఒంటిగంట నుంచి రాడార్ చూడండి. అరగంట తేడాతో రెండు బొమ్మలు తీసుకొని 45 డీబీజెడ్ (చినుకుల నుంచి రాడార్‌కు తిరిగొచ్చే సంకేతం బలం) దాటిన మబ్బు ముద్ద ఎంత జరిగిందో కొలవండి. అరగంటకు 20 కిలోమీటర్లు జరిగితే గంటకు 40. ఇప్పుడు మీ పని లెక్క: పట్టాలు కప్పడానికి 40 నిమిషాలు, మబ్బు కంటే ముందొచ్చే ఈదురుగాలికి 20 నిమిషాలు, మొత్తం గంట. అంటే ముద్ద 40 కిలోమీటర్ల దూరంలో ఉండగానే మొదలుపెట్టాలి. మార్చి, ఏప్రిల్‌లో ఇవి ఎక్కువగా పడమటి నుంచి వస్తాయి కాబట్టి మీకు దేవరకొండ, కల్వకుర్తి వైపు ముఖ్యం.

ఒక జాగ్రత్త. నల్లగొండ దగ్గరికి వచ్చేసరికి బేగంపేట రాడార్ కిరణం, అర డిగ్రీ కోణంలో వేసినా, నేలకు కిలోమీటరున్నర పైన పోతుంది. కింద పరిగెత్తే గాలి దానికి కనబడదు. రెండు మబ్బుల చల్లగాలులు ఎదురుపడిన చోట, బొమ్మలో ఏమీ లేని జాగాలో, అరగంటలో కొత్త మబ్బు లేస్తుంది.

దుందుభి_గట్టు:
వాగు సంగతి. చదరపు కిలోమీటరు మీద 1 మిల్లీమీటరు పడితే 1000 ఘనమీటర్ల నీళ్లు. ఎగువ 20 చదరపు కిలోమీటర్ల మీద గంటల 60 మిల్లీమీటర్లు పడి, అందుల 40 శాతం పారితే 4,80,000 ఘనమీటర్లు. అది మూడు గంటల దిగితే సగటున 1,500 క్యూసెక్కుల పైనే, ఉధృతి ఇంకా ఎక్కువ. చల్క (ఎర్ర ఇసుక) నేల మీద పెద్ద చినుకు పడంగనే పైపొర బిగుసుకపోతది, గుట్టబండ మీద అసలే ఇంకదు. నల్లరేగడి మాత్రం ఎండాకాలం పగుళ్లల మొదటి వాన మింగుతది.

చెరువులు కూడ చూడాలె. ఖాళీగుంటే వరదను ఆపుతయి. ఎత్తిపోతల నీళ్లతోని నింపిన గొలుసుకట్టు చెరువులైతే మొదటి వానకే మత్తడి (అలుగు) దుంకుతయి.

సెకనుకు 2 మీటర్ల వేగమైతే 8 కిలోమీటర్ల వాగు దిగడానికి గంటకు పైన. మీకున్న గడువు అదే. ఎగువ మండలాల ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల వాన లెక్క చూడుండ్రి, ఎగువ ఊర్ల ఒక మనిషి ఫోన్ నంబరు పెట్టుకోండ్రి. అరగంటల 30 మిల్లీమీటర్లు దాటితే లారీలు ఆపుడే మంచిది. వంతెన అంచుకు సెంటీమీటర్ల గీతలతోని రాయి నాటుండ్రి. పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే మనిషి కాలు జారుతది, 30కి చిన్న కారు తేలుతది, 60కి చాలా బండ్లు కొట్టుకపోతయి. నీళ్లు మట్టిరంగు తిరిగి చెత్తాచెదారం తేలినా, పైనుంచి హోరు వినబడ్డా గీత చూసుకుంట నిలబడొద్దు.

హాలియా_వడ్లు:
మంచిగ అర్థమైంది. పిడుగులు మొదలైనంక పట్టాలు గుంజొచ్చా అన్నా?

మబ్బులపటం:
వద్దు. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లు మించకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపలే. అందరినీ పక్కా గదిలోకి పంపండి, చెట్టు కింద, రేకుల పందిరి కింద వద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పిడుగుల సంగతి చెప్పే దామిని యాప్‌లో 20, 40 కిలోమీటర్ల హెచ్చరికలు వస్తాయి, 40 దానికే కప్పడం మొదలుపెట్టండి. గాలి వచ్చే పడమటి అంచుకు ముందు ఇసుక బస్తాలు పెట్టండి, ఆ అంచు లేచిందంటే పట్టా మొత్తం పోతుంది. కుప్ప చుట్టూ జానెడు లోతు కాలువ కూడా తీసి ఉంచండి, వడ్లు పైనుంచే కాదు, అడుగు నుంచి కూడా తడుస్తాయి.