విజయనగరం, శ్రీకాకుళంలో సైన్స్ సభలు, ఆకాశ దర్శనాలు: ఏ రోజు పెట్టాలి, ఎక్కడ తేడా కొడుతుంది?

కోటగుమ్మం:
విజయనగరంలో నెలకో సైన్స్ ఉపన్యాసం, రెండు నెలలకోసారి టెలిస్కోప్‌తో ఆకాశ దర్శనం మొదలుపెట్టాలని ఆలోచన. 150 కుర్చీల కాలేజీ హాలు, ఒక ప్రొజెక్టర్, 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ (అద్దంతో పనిచేసేది, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్) ఉన్నాయి. విశాఖ నుంచి వక్తలు వస్తామంటున్నారు. ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు మొదటిది పెడితే ఎలా ఉంటుంది? శ్రీకాకుళం వైపు చేసేవాళ్ళు కూడా చెప్పండి.

మూడులాంతర్లు:
ఫిబ్రవరి 28 వద్దండీ. రామన్ ఎఫెక్ట్ 1928లో కనుగొన్న రోజు, మంచి రోజే. కానీ మన దగ్గర అప్పటికి ఇంటర్ పిల్లలు పరీక్షల్లో ఉంటారు, పదో తరగతి వాళ్ళు ప్రీ-ఫైనల్స్‌లో. పైగా ప్రతి కాలేజీ ఆ రోజే ఏదో ఒకటి పెడుతుంది కాబట్టి వక్త దొరకడు, దొరికినా మూడు చోట్లకి పరిగెడుతుంటాడు. రామన్ పేరు కావాలంటే నవంబర్ 7 పెట్టండి. ఆయన పుట్టినరోజు (1888), మేరీ క్యూరీ పుట్టినరోజు (1867) కూడా అదే.

అక్టోబర్ 4–10 ప్రపంచ అంతరిక్ష వారం కూడా చూసుకోవాల్సిందే. దసరా సెలవులు, ఆ తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. 2025లో దసరా అక్టోబర్ 2న వచ్చింది, సిరిమాను 7న. ఆ వారంలో విజయనగరంలో సభ పెడితే హాలు అద్దె దండగ. 2026లో దసరా 20న కాబట్టి ఆ వారం ఖాళీయే. అయితే తుపాను సంగతి మర్చిపోకండి: ఫైలిన్ 2013 అక్టోబర్ 12, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11. ఆ పది రోజుల్లో బయట ఏ కార్యక్రమం పెట్టినా రెండో తేదీ ముందే ప్రకటించీసి ఉంచుకోవాలి.

నాగావళిగట్టు:
మాస్టారు చెప్పింది నిజమే గాని, కార్తీకంలో ఆదివారాలు కూడా కొట్టీయండి. ఊరంతా వనభోజనాల్లో ఉంటాది. శనివారం సాయంత్రం పెట్టుకోవాలి.

టైము సంగతి ఇంకా ముఖ్యం. నాలుగున్నరకి మొదలై ఆరుకల్లా అయిపోవాలి. శ్రీకాకుళంలో ఆమదాలవలస, నరసన్నపేట, ఎచ్చెర్ల పిల్లలు బస్సుల మీద పోవాలి కదా; ఆరున్నర దాటితే ఆడపిల్లల్ని ఇంట్లో పంపరు. 40 నిమిషాలు ఉపన్యాసం, 25 నిమిషాలు ప్రశ్నలు, అంతే. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద ఏడుగురు, ఒక్కొక్కరికి శాలువా... ఇవన్నీ పెడితే వక్తకి మైకు అయిదున్నరకి అందుతాది. ఇంకేటి వింటారు?

మూడులాంతర్లు:
శాలువాలు ఆపడం మన చేతిలో లేదు బాబూ. చివర్లో పెట్టండి. శాలువా కప్పించుకోవాల్సిన వాళ్ళు కూడా ఆఖరిదాకా కూర్చుంటారు.

చుక్కలపందిరి:
ఆకాశ దర్శనం వరకు నేను చెప్తాను.

రోజు పంచాంగం చూసి ఎంచండి. శుద్ధ సప్తమి నుంచి దశమి మధ్య ఏ రోజైనా సరే. చంద్రుడు సాయంత్రానికే పైన ఉంటాడు, వెలుగు-చీకటి గీత దగ్గర గుంతల నీడలు పొడుగ్గా పడతాయి, అందుకే లోతు కనిపిస్తుంది. పౌర్ణమి నాడు జనం ఎక్కువ వస్తారు కానీ నీడల్లేక చంద్రుడు సున్నం కొట్టిన పళ్ళెంలా ఉంటాడు. మిగతా చుక్కలూ కనపడవు. నెలలైతే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి. జూన్–సెప్టెంబర్ మధ్య పోస్టరు వేయకండి.

జనం లెక్క: ఒక్కొక్కరికి కళ్ళు పెట్టడం, దిగడం కలిపి 45 సెకన్లు. అంటే గంటకి 80 మంది. 150 మంది వస్తే ఒక టెలిస్కోప్‌తో దాదాపు రెండు గంటల క్యూ. రెండో క్యూ తప్పకుండా ఉండాలి: 7×50 లేదా 10×50 బైనాక్యులర్ ట్రైపాడ్ మీద పెట్టి, పిల్లలకోడి (కృత్తికలు) మీదికి తిప్పి వదిలేయండి. దాన్ని పెద్దవాళ్ళు వెంటనే గుర్తుపడతారు, క్యూలో విసుగు పోతుంది.

మీ 1200 మి.మీ. గొట్టానికి 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టే చోటి కటకం) వేస్తే 48 రెట్లు. చంద్రుడు మొత్తం పడతాడు, వస్తువు దృశ్యం మధ్యలోంచి అంచుకి పోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. 10 మి.మీ. వేస్తే 120 రెట్లు. శని వలయం బాగుంటుంది కానీ నిమిషం లోపే జారిపోతుంది. అంటే 120 రెట్ల మీద ప్రతి ఒకరిద్దరికీ మళ్ళీ గురి పెట్టాలి. కొత్త వలంటీర్లు దీన్ని మర్చిపోతారు. పదో మనిషి ఖాళీ ఆకాశం చూసి, మొహమాటానికి "బాగుందండీ" అని వెళ్ళిపోతాడు. అందుకే చూసిన ప్రతివాళ్ళనీ "ఏం కనిపించింది?" అని అడగాలి. "గుండ్రంగా తెల్లగా" అని శని గురించి చెబితే గురి తప్పిందనో, ఫోకస్ పోయిందనో అర్థం.

ఇంకొన్ని: అద్దాన్ని కనీసం అరగంట ముందు బయట పెట్టాలి, లేకపోతే బొమ్మ ఉడుకుతున్న నీళ్ళలా కదులుతుంది. ఫైండర్‌ని (గురి చూసే చిన్న గొట్టం) పగలే దూరంలో ఉన్న సెల్ టవర్ మీద సరిచూసుకోండి (సూర్యుడి దరిదాపులకి తిప్పకండి). చిన్నపిల్లలు గొట్టం పట్టుకుని వేలాడతారు; పక్కన బరువైన కుర్చీ వేసి, దాని వీపు పట్టుకోమనండి. డిసెంబర్‌లో తొమ్మిది దాటాక మంచు పడుతుంది, ఐపీస్ మసకబారితే గుడ్డతో తుడవకుండా కాసేపు జేబులో పెట్టుకోండి.

తీరంతాబేలు:
కళింగపట్నం బీచ్‌లో పెడితే? తూర్పు వైపు సముద్రం, చీకటి బాగుంటుంది.

చుక్కలపందిరి:
చీకటి బాగుంటుంది, గాలి బాగోదు. ఉప్పుగాలి అద్దం పూతని తినేస్తుంది, ఇసుక డాబ్సోనియన్ అడుగు బేరింగులో చేరుతుంది. అక్కడ లైట్‌హౌస్ కూడా ఉందని మర్చిపోకండి. బీచ్‌కి టెలిస్కోప్ వద్దు, బైనాక్యులర్లు, వట్టి కళ్ళు చాలు. ఫిబ్రవరిలో రాత్రి దక్షిణాన అగస్త్య నక్షత్రం చూపించవచ్చు. మన అక్షాంశంలో అది 19 డిగ్రీలకి మించి లేవదు. చాచిన చేతి పిడికిలి 10 డిగ్రీలు కాబట్టి దిగంతం మీద సుమారు రెండు పిడికిళ్ళ ఎత్తు. ఉత్తరాన ధ్రువుడు కూడా దాదాపు అంతే ఎత్తు, 18 డిగ్రీలు, అంటే మన అక్షాంశమంత. ఈ రెండూ చూపించి "మన ఊరి అక్షాంశం ఎంత?" అని పిల్లలచేత పిడికిలితో కొలిపించండి.

టౌన్ మైదానంలోనైతే హైమాస్ట్ లైటుకి మున్సిపాలిటీకి ముందే ఉత్తరం పెట్టండి. ఆ రోజు సాయంత్రం ఫోన్ చేస్తే ఆపరు.

తీరంతాబేలు:
సరే. తాబేళ్ళ పిల్లల్ని సముద్రంలోకి వదిలే కార్యక్రమాలకి వచ్చేవాళ్ళకి రెండు ముక్కలు, ఎందుకంటే వీటికీ జనం బాగా వస్తున్నారు. ఆలివ్ రిడ్లీ గూట్లో దాదాపు వంద గుడ్లు, 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి, కాబట్టి తేదీ ముందు ప్రకటించడం కుదరదు. హేచరీ నుంచి కబురు వచ్చిన తెల్లవారుజామున వెళ్ళడమే. ఫోన్ టార్చ్ వేయకూడదు: పిల్లలు వెలుగు వైపు నడుస్తాయి, రోడ్డెక్కేస్తాయి. చేత్తో ఎత్తి నీళ్ళలో వేయకూడదు, ఇసుక మీద నడవనివ్వాలి. గీత గీసి జనాన్ని దాని వెనకే నిలబెట్టండి.

నాగావళిగట్టు:
నీడ లేని రోజు సంగతి ఎవరైనా చెప్పండి. ఏటేటా తేదీ మీద గొడవే.

రసమట్టం:
గొడవ అక్కర్లేదు. సూర్యుడి క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న కోణం) మన అక్షాంశంతో కలిసే రోజు; మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నిలువు కర్రకి నీడ పడదు. విజయనగరం 18.1, శ్రీకాకుళం 18.3 డిగ్రీలు. అంటే మే 12–13, మళ్ళీ జూలై 30–31. ఒక రోజు అటూ ఇటూ అయితే ఏమవుతుందో లెక్క చూడండి: ఆ రోజుల్లో క్రాంతి రోజుకి పావు డిగ్రీ మారుతుంది, మీటరు కర్రకి అది 4 మిల్లీమీటర్ల నీడ. కర్ర మందమే అంతకంటే ఎక్కువ. అదే కర్ర ఒక్క డిగ్రీ వంగి ఉంటే 17 మిల్లీమీటర్లు. కాబట్టి తేదీ మీద కాదు, తాపీమేస్త్రీ రసమట్టం మీద, తూకం గుండు మీద కొట్లాడండి. కింది పలకను రసమట్టంతో రెండు దిక్కులా సమం చేసి, కర్రని గుండుతో రెండు వైపుల నుంచీ నిలువు చూడాలి. ఒక వైపే చూడటం మామూలు తప్పు.

సమయం: 12 గంటలకి కాదు. మన గడియారాలు నడిచే 82.5 డిగ్రీల రేఖాంశానికి మనం తూర్పున ఉన్నాం. మే నెలలో విజయనగరంలో 11:53, శ్రీకాకుళంలో 11:51 దరిదాపుల్లో. జూలై ఆఖరున విజయనగరంలో 12:03, శ్రీకాకుళంలో 12:01. నిమిషం తప్పితే మీటరు కర్రకి 4 మిల్లీమీటర్లు మళ్ళీ. జనాన్ని 11:30కే పిలిచి అయిదేసి నిమిషాలకి నీడ కొనని చాక్‌పీస్‌తో గుర్తు పెట్టించండి, నీడ కుంచించుకుపోవడమే అసలు ప్రదర్శన. 12 గంటలకి తీరిగ్గా వచ్చి "ఏదీ, నీడుందిగా" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

చిక్కేమిటంటే మేలో ఎండ బాగుంటుంది, బడులు ఉండవు. జూలైలో బడులుంటాయి, ఎండ ఉండదు. మేలో గ్రంథాలయాల వేసవి శిబిరాలతో కలిపి చేయండి, మజ్జిగ పెట్టండి, పావుగంట మించి ఎండలో నిలబెట్టకండి. జూలైలో 29 నుంచి 1 దాకా నాలుగు రోజులూ సిద్ధంగా ఉండి మబ్బు విడిచిన రోజు చేసేయడమే.

కోటగుమ్మం:
గురువుగారూ, రెండు ఊళ్ళ నీడలు కొలిచి భూమి చుట్టుకొలత కట్టించే ప్రయోగం ఉంది కదా, విజయనగరం–శ్రీకాకుళం మధ్య చేయొచ్చా?

రసమట్టం:
కుదరదు. తేడా 0.2 డిగ్రీలే, మీ కొలత తప్పులోనే మునిగిపోతుంది. విజయనగరం–ఇచ్ఛాపురం అయితే ఒక డిగ్రీ, ఉత్తర-దక్షిణ దూరం సుమారు 112 కి.మీ. రోడ్డు దూరం వేయకూడదు, అది ఈశాన్యంగా పోతుంది. అప్పుడు కూడా 17 మిల్లీమీటర్ల తేడాలో 3 తప్పితే జవాబు ఆరో వంతు మారిపోతుంది. నెల్లూరులో ఎవరైనా ఉంటే వాళ్ళతో జత కట్టండి, దాదాపు 4 డిగ్రీలు వస్తుంది. ఎవరి ఊరి మిట్టమధ్యాహ్నం వాళ్ళే చూసుకోవాలి, ఒకే గడియారం టైముకి కాదు.

నాగావళిగట్టు:
అరసవల్లి గుళ్ళో మూలవిరాట్టు మీద పడే సూర్యకిరణాల గురించి కూడా అడుగుతారు సభలో. మార్చి 9–11, అక్టోబర్ 1–3 ఎందుకు అని.

రసమట్టం:
అదే లెక్క. ఆ రెండు సార్లూ సూర్యుడి క్రాంతి దాదాపు సమానం, మైనస్ 4 డిగ్రీల దగ్గర. అంటే తూర్పుకి నాలుగైదు డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. మార్చి విషువత్తుకి (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) ముందు 11 రోజులు, శరద్విషువత్తుకి తర్వాత 10 రోజులు. బోర్డు మీద బొమ్మ గీసి చెబితే భక్తులూ సంతోషిస్తారు, కట్టిన శిల్పుల పరిశీలనకి అదే మెప్పు. గుడి రద్దీలో మాత్రం మైకు పట్టుకోకండి. మర్నాడు కాలేజీలో చెప్పండి.

పి38పిన్ను:
హాలు సంగతి ఎవరూ ఎత్తలేదు. సభలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి.

వక్త తెచ్చే స్లైడ్లు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) ఉంటే హాలు కంప్యూటర్‌లో చీమలూ దోమలూ కనిపిస్తాయి. యూనికోడ్‌లో ఉన్నా ఫాంటు లేకపోతే వరసలు చెదురుతాయి. ముందు రోజే పీడీఎఫ్ చేసి పంపమనండి; వీడియోలు విడిగా. అక్షరాలు 28 పాయింట్ల కంటే చిన్నవి వద్దు, తెలుగు ఒత్తులు వెనక వరసకి కలిసిపోతాయి.

పాత ప్రొజెక్టర్లకి వీజీఏ ఒక్కటే ఉంటుంది, కొత్త ల్యాప్‌టాప్‌లకి టైప్-సీ ఒక్కటే. రెండు కన్వర్టర్లూ సంచిలో ఉండాలి. ల్యాప్‌టాప్ ధ్వనిని ఆంప్లిఫయర్‌కి ఇవ్వడానికి 3.5 మి.మీ. హెడ్‌ఫోన్ పిన్ను నుంచి పి-38 పిన్ను (మైకులకి వాడే లావుది) వైరు. ఛార్జర్ పెట్టగానే గుయ్‌మంటే అది ఎర్త్ తేడా. వీడియో నడిచినంతసేపూ ఛార్జర్ తీసేయండి. మైకు కూత పెడితే బాక్సులు వేదిక కంటే ముందుకి జరపండి, వాల్యూమ్ తగ్గించడం తర్వాత.

లాంప్ ప్రొజెక్టర్‌కి కరెంటు ఠక్కున పోతే ఫ్యాన్ ఆగి లాంప్ పాడవుతుంది. జనరేటర్ ఎత్తుకోవడానికి పట్టే నిమిషం కోసమైనా యూపీఎస్ పెట్టండి. 150 మంది హాలుకి 3,000 ల్యూమెన్లు సరిపోతాయి, సాయంత్రం నాలుగున్నరకి పడమటి కిటికీలకి నల్లగుడ్డ కడితేనే.

మూడులాంతర్లు:
వక్తల గురించి ఒక మాట. విశాఖ నుంచి గంటన్నరలో వచ్చేస్తారు, పాండిత్యానికి లోటుండదు. తెలుగులో చెప్పడం దగ్గరే ఆగిపోతారు. మూడు రోజుల ముందు ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడి, వాడబోయే పదాలు ఓ ఇరవై రాసుకోండి. కాంతి సంవత్సరం అంటే కాలం అనుకునేవాళ్ళు సగం మంది. అది దూరమని మొదటే చెప్పించాలి. ద్రవ్యరాశి, బరువు వేరని కూడా. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం జిల్లాదే, ఇక్కడ గ్రాంథికంలో దంచితే బాగుండదు కదా.

మొదటి సభకి అంశం కావాలంటే జగ్గారావు అబ్జర్వేటరీ చెప్పించండి. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖలో సొంత ఖర్చుతో పెట్టింది. తర్వాత దాన్ని నడిపిన అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబర్ 9న శుక్ర సంక్రమణాన్ని (సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడం) అక్కడి నుంచి చూశారు. మనవైపు కథ, కుర్రాళ్ళకి తెలియదు.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పెడితే మాత్రం జాగ్రత్త. ఒకే కారణం ఇదని ఇంకా తేలలేదు, ఆ మాట వక్త స్పష్టంగా అనాలి. లేకపోతే మర్నాడు ఊళ్ళో ఏదో ఒక నీళ్ళ బావి మీద నింద పడుతుంది. జనం రిపోర్టులు పట్టుకుని వేదిక దగ్గరికి వస్తారు, వాళ్ళతో విడిగా మాట్లాడటానికి ఒక డాక్టరు ఉండాలి.

కోటగుమ్మం:
ప్రశ్నల సమయంలో ఒక్కరే పది నిమిషాలు మాట్లాడితే?

నాగావళిగట్టు:
చీటీలు పంచీయండి. ఉపన్యాసం సగంలో పిల్లలు చీటీలు ఏరుకొస్తారు, నిర్వాహకుడు చదువుతాడు. సిగ్గుపడే పిల్లల ప్రశ్నలే బాగుంటాయి, అవి చీటీలోనే వస్తాయి. మైకు ఇచ్చారో, పెద్దమనిషి ముందు తన రిటైర్మెంటు సంవత్సరం నుంచి మొదలెడతాడు.

కోటగుమ్మం:
అయితే నవంబర్ 7, 2026 శనివారమే పడుతోంది. నాలుగున్నరకి ఉపన్యాసం. ఆకాశ దర్శనం అదే రోజా?

చుక్కలపందిరి:
కాదు. అది కార్తీకం రావడానికి ముందు, అమావాస్య దగ్గర; చంద్రుడు దొరకడు. 17 మంగళవారం సప్తమి–అష్టమి ప్రాంతం, ఆ వారాంతం 21 శనివారం చంద్రుడు ఇంకా పౌర్ణమికి మూడు రోజుల దూరంలో ఉంటాడు. 17న కుదిరితే అదే చేయండి, ఆరున్నరకల్లా గొట్టం బయట పెట్టీయండి. శని కూడా సాయంత్రమే ఉంటాడు.