ట్రైపాడ్ (కెమెరా స్టాండు) రోజంతా మొయ్యాలా?

ప్రశ్న: ఆదివారం పొద్దున ఉండవల్లి గుహలు, సాయంత్రం సీతానగరం ఘాట్ నుంచి ప్రకాశం బ్యారేజీ లైట్లు ఫోటో తీద్దామని ప్లాన్, బండి మీదే వెళ్తాం, నా ట్రైపాడ్ ఏమో బరువు, ఈ ఎండలో రోజంతా మొయ్యాలా అండీ?

జవాబు 1: గుహలకి అనవసరం అండి. అది ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) వాళ్ళది, పర్మిషన్ లేకుండా ట్రైపాడ్ పెట్టనివ్వరు. లోపల పడుకున్న విష్ణుమూర్తి విగ్రహం దగ్గర చీకటే, ఐఎస్ఓ (వెలుతురు తక్కువున్నప్పుడు పెంచుకునే కెమెరా సెట్టింగ్) 3200 పెట్టి మోచేతులు ఒంటికి ఆనించి తియ్యండి. ఫోటోలో కాస్త నాయిస్ (చుక్కలు చుక్కలుగా) వస్తే రానీండి, షేక్ అయిన ఫోటో కన్నా నయమే.

జవాబు 2: సాయంత్రానికి మాత్రం ఉండాల్సిందే బాస్. నీళ్ళలో లైట్లు సాఫీగా సాగినట్టు రావాలంటే 8, 10 సెకన్లు షట్టర్ తెరిచుంచాలి, అది ఎంతటోడి చేతికైనా అయ్యే పని కాదు. కెమెరాలో స్టెబిలైజేషన్ (చేతి వణుకు సరిచేసేది) ఆపేసి 2 సెకన్ల టైమర్ పెట్టు, ఏటి గాలి ఉంటది కాబట్టి ట్రైపాడ్ మధ్య రాడ్ పైకి లాగకు, కదలకుండా దాని కింద కొక్కేనికి నీ బ్యాగ్ తగిలించు. బ్యారేజీ మీద నుంచైతే వద్దు, బండ్లు పోతుంటే అదురుద్ది.

జవాబు 3: విజయవాడ బీసెంట్ రోడ్డు బజారు రద్దీలోకి మాత్రం తేకండి బాబూ, ఎవడో ఒకడు తట్టుకుని పడతాడు 😄

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అండి, అయితే పొద్దున తాడేపల్లిలో మా బాబాయి వాళ్ళింట్లో పడేసి సాయంత్రం తీసుకుంటా.