పావురం నీళ్లు లాగేది దవడ బలంతోనేనా?

మిద్దెమీదమూకుడు (తిరుపతి, కొర్లగుంట): ఎండలకు మా మిద్దె మీద మూకుట్లో నీళ్లు పెడతా ఉన్నా. కాకి, గోరింక ఒక గుక్క తీసుకుని తల పైకెత్తి మింగుతాయి. పావురం మటుకు ముక్కు ముంచిందంటే బర్రె తాగినట్టే, తల ఎత్తకుండా లాగేస్తుంది. దాని దవడ కండరాలు గట్టివి కాబట్టే అని నేనంటా. మా తమ్ముడు ఒప్పుకోడు.

చిత్తూరుకోళ్లషెడ్డు: దవడ బలమే అయితే కోడికేం తక్కువన్నా? పొదిగే పెట్ట కింద చెయ్యి పెట్టి చూడు, తెలుస్తుంది! అయినా అది తల ఎత్తాల్సిందే. దేవుడికి దండం పెడతా ఉందిరా అనేది మా అవ్వ. షెడ్డులో నిపుల్ డ్రింకర్లు (పొడిస్తే చుక్క కారే నీళ్ల మొనలు) కోడి తలకంటే ఎత్తులో కట్టేది అందుకే. మెడ చాచి పొడిస్తే చుక్క నోట్లోకి జారుతుంది. కిందికి కడితే నీళ్లన్నీ నేల మీద పరిచిన పొట్టు (లిట్టరు) పాలవుతాయి, ఆ పైన అమ్మోనియా కంపు. ఆ బాధ వేరే.

వెటర్నరీ_మూడో_ఏడు: కోళ్లన్న చెప్పిందే నిజం. దవడ కండరాలకు తెలిసింది తెరవడం, మూయడం. పక్షికి మనలాగా పెదవులు లేవు, ఊరికే పీలిస్తే గాలే వస్తుంది. పావురం ముక్కును సన్నటి సందుగా తెరిచి నీళ్లలో ముంచుతుంది, గాలి దూరే దారి మూసుకుపోతుంది. లోపల నాలుక పిస్టన్‌లా వెనక్కీ ముందుకీ ఆడి నీళ్లను గొంతులోకి తోస్తుంది. బోరు లెక్కన చెప్పాలంటే దవడ ఫుట్‌వాల్వు, మోటరు నాలుక.

పులికాట్‌పిట్ట: అట్లని దవడను పూర్తిగా తీసిపారేయకండి. ఫాలరోప్ అని సన్నటి పొడుగు ముక్కు పిట్ట ఒకటుంది. పురుగుతో సహా నీటి చుక్కను ముక్కు కొనతో పట్టి, ముక్కును గబగబా తెరిచి మూస్తుంది. తెరిచి మూసినప్పుడల్లా చుక్క ఒక్కో మెట్టు నోటివైపు ఎక్కుతుంది. పీల్చడం లేదు, తల ఎత్తడమూ లేదు. 2008లో అమెరికా పరిశోధకులు నమూనా ముక్కులు చేసి మరీ ఇది చూపించారు. నీటి తలతన్యత (నీటి పైపొర బిగువు) మీద నడిచే పని కాబట్టి నీళ్లలో సబ్బో నూనో కలిస్తే పిట్ట పస్తే.

మిద్దెమీదమూకుడు: సరే, అది దాని ముక్కు గొప్ప. నా పావురం సంగతి తేలాలి కదా? ఈ పొద్దు మూకుడు తీసేసి గాజు గిన్నె పెట్టి ఫోన్‌లో స్లో మోషన్ తీశా. ముక్కు సందు బియ్యపు గింజంత కూడా తెరుచుకోలా. గొంతు కింద ఈకలు మాత్రం ఒకటే అదురుడు. తమ్ముడికి ఇంకా చూపించలేదు.