ఫైలేరియా (బోదకాలు) మాత్రలు మింగిన రాత్రే జ్వరం: మీ ఇళ్లలోనూ వచ్చిందా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం:
మొన్న ఆశా కార్యకర్త వచ్చి డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి ఇచ్చి, ఎదురుగా నిలబడి మింగించారు. అమ్మకు 61 ఏళ్లు, బీపీ మాత్ర రోజూ వేసుకుంటుంది. ఆ రాత్రి చలిజ్వరం, రెండు వాంతులు. తెల్లవారేసరికి తగ్గింది. మా ఇంట్లో ఎవరికీ కాలు వాయలేదు, మరి ఎందుకిలా? వచ్చే విడతలో వేసుకోవచ్చా? బీపీ మాత్రతో కలిస్తే ప్రమాదమా?

జీడితోట, పలాస:
మా దగ్గర నిలబడి మింగించరు. చేతిలో పెట్టి వెళతారు, మేము పెరట్లోకి విసురుతాము. కోళ్లు తిన్నాయి. వాటికి జ్వరం రాలేదు మరి.

రాత్రి సూది, విజయనగరం:
నవ్వులాట కాదు. ల్యాబ్ టెక్నీషియన్‌గా 31 ఏళ్లు రాత్రిళ్లు ఊళ్లు తిరిగి రక్తం తీసినవాణ్ణి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి 10 నుంచి 2 మధ్య పైకి వస్తాయి. దోమ కుట్టే వేళ వాటికి తెలుసు. మందు పడితే చస్తాయి, ఆ చచ్చినవాటి వల్లనే సాధారణంగా జ్వరం. కాలు వాయనంత మాత్రాన లోపల లేవనుకోవద్దు, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉంటాయి. ఒక రాత్రి రక్తపరీక్ష చేయించండి.

తోటపాలెం కుర్రాడు:
మాస్టారూ, మందు మింగాక రాత్రి తీసిన రక్తపు స్లైడులో ఏం దొరుకుతాయి? ఫైలేరియా పరీక్ష స్ట్రిప్పు ఉంది కదా, వేలి రక్తంతో 10 నిమిషాల్లో, పగలైనా తేలుతుంది.

రాత్రి సూది:
స్ట్రిప్పు పట్టేది పెద్ద పురుగు విడిచే పదార్థాన్ని. దోమకు ఎక్కే పిల్లలు రక్తంలో తిరుగుతున్నాయో లేదో అది చెప్పదు. మైక్రోస్కోపులో ఆ పిల్ల మెలికలు తిరగడం ఎప్పుడైనా చూశావా?

తోటపాలెం కుర్రాడు:
చూడలేదు. నేను అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు.

రాత్రి సూది:
మాత్రలకు ముందే చేయించి ఉండాల్సింది అని నా భావం. అర్ధరాత్రి కుక్కలు తరుముతుంటే స్లైడ్ల పెట్టె పట్టుకుని పరుగెత్తినవాణ్ణి, నాకు నేర్పుతున్నావా?

ఎడమకాలు, బొబ్బిలి:
స్లైడ్లు, స్ట్రిప్పులు మీరే పంచుకోండి. నా కాలు 17 ఏళ్లుగా ఇలాగే ఉంది. ఏడాదికి నాలుగైదు సార్లు గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రబడి, ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. ఆ రోజుల్లో పోయిన కూలి ఎవరూ లెక్కవేయరు. చీర కుచ్చిళ్లు ఎంత దించి కట్టినా అందరి చూపూ ముందు కాలి మీదికే. చెల్లి పెళ్లిచూపుల రోజున నన్ను వంటింట్లోంచి బయటికి రావద్దన్నారు. చివరికి ఒక నర్సమ్మ బేసిను, సబ్బు ఇచ్చి నేర్పింది: రోజూ కడగడం, వేళ్ల సందుల్లో తడి లేకుండా ఒత్తడం, పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టడం. వాపు పోలేదు. కానీ నిరుడు జ్వరం ఒక్కసారే వచ్చింది. మాత్రలు పెరట్లోకి విసిరే మహానుభావులు ఒకసారి మా ఇంటికి రండి.

జీడితోట:
క్షమించండమ్మా. అయితే ఈ జబ్బు నీళ్ల వల్ల వస్తుందని మా పెద్దలు అంటారు.

తోటపాలెం కుర్రాడు:
నీళ్లు కాదు, మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ. మాన్సన్ అనే డాక్టరు చైనాలో ఉండగా 1877లోనే ఈ పురుగు పిల్లలు దోమలో పెరుగుతాయని కనిపెట్టాడు. మా పక్కింటివారి సెప్టిక్ ట్యాంకు గొట్టానికి దోమతెర గుడ్డ కట్టమని రెండేళ్లు బతిమాలాను. చివరికి నేనే నిచ్చెన వేసి కడితే, ‘మా గొట్టంతో నీకేం పని’ అని తగువుకు వచ్చారు.

చీపురుపల్లి రైతు:
జ్వరం అంటే గుర్తొచ్చింది. మా మామయ్యకు ఎనిమిది రోజులు తగ్గలేదు. మలేరియా లేదు, డెంగీ లేదు. చంకలో సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లటి పక్కు చూసి స్క్రబ్ టైఫస్ అన్నారు. డాక్సీసైక్లిన్ పడ్డ రెండో రోజుకే లేచి కూర్చున్నాడు. గట్ల మీద గడ్డి కోసేవారు ఒళ్లంతా వెతుక్కోండి.

రాత్రి సూది:
స్క్రబ్ టైఫస్ తెచ్చేది దోమ కాదు, మైట్ అనే సన్నటి పురుగు పిల్ల. ఇక్కడ సంబంధం లేదు.

నాగావళి గట్టు:
బీపీ సంగతి ఎవరైనా చెబుతారా?

ఎడమకాలు:
గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. బీపీ అదుపులో ఉన్నవారికి మా ఊళ్లో ఇస్తున్నారు. పరగడుపున వద్దు, అన్నం తిన్నాక వేయించండి. అయినా వచ్చే విడతకు ముందు అమ్మగారి మందుల చీటీ పట్టుకుని పీహెచ్‌సీలో డాక్టరును అడగండి.

రాత్రి సూది:
ఎలాగూ వెళుతున్నారు కదా, రాత్రి రక్తం ఏ రోజున తీస్తారో కూడా కనుక్కోండి.