తోట పనికీ ఆత్మరక్షణకూ ఒకే కత్తి సరిపోతుందా?

ప్రశ్న (పొదలకూరు వైపు నిమ్మరైతు):

రాపూరు దారిలో మాకు మూడెకరాల నిమ్మతోట ఉన్నది. రెండేళ్లుగా పట్టించుకోకపోవడంతో గట్టు పొడవునా చిల్లకంప మణికట్టు లావున ఎదిగింది. నాన్నగారి నాటి మచ్చుకత్తికి పిడి వదులైంది. రాత్రి కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వేయడానికి ఒంటరిగా వెళ్లవలసి వస్తున్నది, అడవిపందుల తిరుగుడు కూడా ఎక్కువగానే ఉన్నది. ఆన్‌లైన్‌లో అడవి కత్తి అని అమ్ముతున్న పద్దెనిమిది అంగుళాల కత్తి ఒకటి కొంటే కంప కొట్టడానికీ, నా రక్షణకూ పనికివస్తుందని అనుకుంటున్నాను. అనుభవం ఉన్న పెద్దలు సలహా ఇవ్వగలరు.

సమాధానం (ఉదయగిరి నుంచి):

కంప పనికి ఆ పొడవాటి కత్తి వద్దు. అలాంటి పలుచని అలుగు (పిడి కాక మిగిలిన కత్తి రేకు) గడ్డికీ లేత రొట్టకూ బాగుంటుంది గాని, ఎండిన చిల్లకొమ్మ కణుపు మీద పడితే ఎగిరి పక్కకు జారుతుంది, ఆ జారిన దెబ్బ సాధారణంగా ఎడమ చేతికో మోకాలి కిందనో తగులుతుంది. మీకు కావలసింది తొమ్మిది పది అంగుళాల అలుగు, వెన్ను దగ్గర ఐదారు మిల్లీమీటర్ల మందం, కొన వద్ద లోపలికి వంగిన ముక్కు ఉన్న మచ్చుకత్తి. ఆ ముక్కు చేసే మేలు కంప కొట్టినవారికే తెలుస్తుంది. నరికిన కొమ్మను చేత్తో పట్టకుండా దానితోనే ఇవతలికి లాగవచ్చు.

కొలిమిలో చేయించుకోగలిగితే అదే మేలు. లారీ కమాను పట్టీ ఉక్కు ఇందుకు బాగా పనికివస్తుంది, కాని బాగా అరిగిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్లు ఉండవచ్చు కాబట్టి, పని మొదలుకాకముందే కమ్మరిని అడిగి ముక్క చూడండి. కత్తి తయారైన తరువాత దారంతో వేలాడదీసి చిన్న రాయితో తట్టితే గణగణమనాలి. మొద్దుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టే. ఆకురాయితో అంచును ఒకసారి గీసి చూడండి. అది అసలు కొరకకుండా జారిపోతే అంచు మరీ పెళుసు, కణుపు మీద పెచ్చు ఊడుతుంది. వెన్నలా కోసుకుపోతే మరీ మెత్తన, మొదటి రోజే మడత పడుతుంది. కాస్త కష్టంగా, కాస్త కొరుకుతూ నడవాలి.

ఒకసారి నేను తొందరపడి బజారులో తిరిగే సానరాయి మీద మా కత్తికి పదును పెట్టించాను. నిప్పురవ్వలు రాలుతుంటే ముచ్చటగానే ఉన్నది, కాని ఇంటికి తెచ్చి చూస్తే అంచు వెంట వడ్లగింజ వెడల్పున నీలిరంగు చార కనిపించింది. ఉక్కు దాదాపు మూడు వందల డిగ్రీల వేడికి చేరిందనడానికి ఆ నీలం గుర్తు, అంటే అక్కడ కమ్మరి పెట్టిన గట్టిదనం తగ్గిపోయినట్టే. ఆ అంచు వారం తిరగకుండానే వంగింది. అప్పటినుంచి ఇంట్లో తడి సానరాయి మీదనే నూరుకుంటున్నాను.

నిమ్మతోట అన్నారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పులుపు ఉక్కును తింటుంది. కాయలు కొమ్మలు నరికిన కత్తిని అలాగే గూట్లో పెడితే మరునాటికే మచ్చలు పడతాయి. కడిగి, తుడిచి, పలుచగా ఆముదం రాసి పెట్టండి.

ఇక రక్షణ సంగతి. ఇక్కడ మీ ఆలోచన నాకు నచ్చలేదు. కత్తి పనిచేయాలంటే పంది మీ చేతికందేంత దగ్గరకు రావాలి, అంత దగ్గరకు రానిచ్చినప్పుడు దాని కోరలే ముందు పనిచేస్తాయి. బలమైన టార్చి, అయిదు అడుగుల వెదురు కర్ర, మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు తీసుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి; దానికి తప్పుకునే దారి వదలండి. రాత్రిపూట కాలికి అడ్డుపడే రక్తపింజరికి కూడా మీ కత్తి కన్న బూట్లే జవాబు. పందుల కోసం కంచెకు కరెంటు పెట్టే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, మనిషి ప్రాణం పోతుంది.

కావలి నుంచి మరొకరు:

చట్టం వైపు నుంచి కొంచెం చేరుస్తాను. 1959 నాటి ఆయుధాల చట్టంలో ఇంటి పనికీ వ్యవసాయానికీ మాత్రమే ఉద్దేశించిన వస్తువులు ఆయుధాల నిర్వచనంలోకి రావు. దాని కింద వచ్చిన నియమావళి పట్టికలో 9 అంగుళాల కన్న పొడవు లేదా 2 అంగుళాల కన్న వెడల్పు ఉన్న అలుగుల కత్తులను పేర్కొన్నారు, అక్కడ కూడా వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఉన్నది. మచ్చుకత్తిని గోనెపట్టాలో చుట్టి తోటకు తీసుకువెళ్లే రైతుకు ఇబ్బంది రాకూడదు. అదే కత్తిని మోటారుసైకిలు సీటు కింద పెట్టుకుని, రక్షణ కోసమని మీరే చెబితే ఆ మినహాయింపును మీ నోటితోనే మీరు వదులుకున్నట్టవుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును ఒప్పుకుంటాయి, కాని అవసరానికి మించి గాయపరిస్తే ఆ హక్కు కాపాడదు. పెంచలకోన అభయారణ్యం వైపు వెళ్లేటప్పుడు అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుదరదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ నమస్కారాలు. ఆన్‌లైన్ కత్తి ఆలోచన మానుకున్నాను. నాన్నగారి కత్తిని దారంతో కట్టి తట్టి చూశాను, గణగణమనే పలికింది. పిడి మాత్రమే కదులుతున్నది. నీళ్లలో నానబెడితే బిగుస్తుందని మా పాలేరు అంటున్నాడు. నిజమేనా?

ఉదయగిరి నుంచి:

అయితే కొత్తది కొనవద్దు, అంత మంచి కత్తి ఈ రోజుల్లో దొరకడం కష్టం. నానబెడితే ఆ పూటకు బిగుస్తుంది, ఎండకు ఆరగానే మళ్లీ వదులవుతుంది. అలుగు పిడిలోంచి ఊడి ఎగిరితే ఎదుటివారికి ప్రమాదం కాబట్టి పాత పిడి తీసివేయండి. బాగా ఆరిన తుమ్మకర్రతో కొత్త పిడి చెక్కించి, మొదట్లో ఇనుప పొన్ను (పిడి చీలకుండా వేసే కట్టు) వేయించండి. తోకను, అంటే పిడిలోకి దిగే అలుగు సన్నని చివరను, పిడి చివరిదాకా దూర్చి, బయటకు వచ్చిన కొనను మడిచి కొట్టమని కమ్మరికి గట్టిగా చెప్పండి. తోకను కాల్చి దూర్చేటప్పుడు అలుగుకు తడి గోనె చుట్టమనండి, లేకపోతే ఆ వేడి అంచుదాకా పాకుతుంది.