సైటు తెచ్చింది ఫోనా, ఎండ తగలని బడా?

మురళీనగర్ అమ్మ:
గత ఆదివారం మా మామగారు పిల్లలిద్దరినీ ఆర్కే బీచికి తీసుకెళ్ళి, రేవులోకి వెళ్ళే వంతు కోసం దూరంగా లంగరేసుకున్న ఓడలను లెక్కపెట్టమన్నారు. అయిదేళ్ళ చిన్నది ఆరు అని చెప్పింది. తొమ్మిదేళ్ళ పెద్దవాడు "ఓడలెక్కడున్నాయి తాతయ్యా?" అన్నాడు. మర్నాడు పరీక్ష చేయిస్తే రెండు కళ్ళకూ మైనస్ 2. ఇన్నాళ్ళూ బోర్డు మీద రాసింది పక్కవాడి నోటుపుస్తకంలో చూసి ఎక్కించుకుంటున్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇంట్లో తలో మాట. మావారు ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. మా అత్తగారు, ఇప్పుడే అద్దాలు అలవాటు చేస్తే పవర్ పెరిగిపోతుంది, మునగాకు పెట్టమంటున్నారు. వాడు ఫోను చూసేది రోజుకు అరగంట. ఉదయం ఏడున్నరకు బడి బస్సు ఎక్కితే సాయంత్రం అయిదున్నరకు దిగుతాడు, ఆ తర్వాత ట్యూషను. బడి ఒక నాలుగంతస్తుల భవనం, మైదానం లేదు. తప్పు ఎక్కడుందో చెప్పండి.

గాజువాక తండ్రి:
ఫోనే. వేరే ఆలోచనే వద్దు. మా అమ్మాయికి 2020 వరకు కళ్ళు బాగానే ఉన్నాయి. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ తరగతులని ఫోను చేతికిచ్చాం, మళ్ళీ బడి తెరిచేసరికి కళ్ళజోడు వచ్చింది. మేమూ చదువుకున్నాం, గుడ్డి దీపాల కింద చదువుకున్నాం. మా తరగతి మొత్తం మీద అద్దాలున్నది ఒక్కడికే. మీవారు చేసింది సరైన పని.

సీతమ్మధార ఆప్టోమెట్రిస్టు (కళ్ళ పవర్ పరీక్షించే నిపుణులు):
గాజువాక మిత్రమా, ఆ లాక్‌డౌన్‌లో పిల్లల చేతికి ఫోను రావడం ఒక్కటే కాదు, వాళ్ళు గడప దాటకపోవడం కూడా జరిగింది. రెండూ కలిసే దెబ్బతీశాయి. మీ తరగతిలో ఒక్కడికే అద్దాలుండటానికి కారణం గుడ్డి దీపం కాదు. బడి వదలగానే చీకటి పడేదాకా మీరు వీధిలోనే ఉండేవారు, అదీ కారణం.

సైటు అంటే దూరపువి మసకగా కనిపించడం. కనుగుడ్డు ఉండాల్సిన దానికంటే పొడవుగా సాగడం వల్ల అది వస్తుంది. పెద్దవాళ్ళ కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. అందులో ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే దాదాపు రెండున్నర పవర్ వస్తుంది. సాగిన గుడ్డు మళ్ళీ కుదించుకోదు. ఆ సాగుడును ఆపే పని పగటి వెలుతురుది. వెలుతురును లక్సులలో కొలుస్తారు. తరగతి గదిలో 300 నుంచి 500 లక్సులు ఉంటే గొప్ప. ఆరుబయట ఎండలో పదివేలు దాటుతుంది. గట్టి వెలుతురు పడితే కంటి వెనక పొర అయిన రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, గుడ్డు పెరుగుదలకు అది కళ్ళెం వేస్తుందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం.

చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడులలో దీన్ని పరీక్షించారు. సగం బడులలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే తరగతి పెట్టారు. మూడేళ్ళకు ఆ పిల్లల్లో కొత్తగా సైటు వచ్చినవాళ్ళు నూటికి 30 మంది, మిగతా బడులలో దాదాపు 40 మంది. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. తైవాన్ అంతకుముందే, 2010లో, బడిపిల్లలు రోజుకు 120 నిమిషాలు బయట గడపాలని దేశవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టింది.

అమ్మా, మీకు ఒక చేదు మాట చెప్పాలి. ఎండ ఎక్కువగా పనిచేసేది సైటు రాకముందు. మీ అబ్బాయికి ఆ దశ దాటింది. ఆ ఆరు ఓడలు చూసిన చిన్నదానికి దాటలేదు. ముందు దాన్ని కాపాడుకోండి.

బాబుకు అద్దాలు నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఉండాలి. మైనస్ 2 అంటే అర మీటరు దాటిన ప్రతిదీ వాడికి మసక. అద్దాల వల్ల పవర్ పెరగదు. మలేసియాలో కావాలని తక్కువ పవర్ అద్దాలిచ్చి చూస్తే, ఆ పిల్లలకే సైటు వేగంగా పెరిగిందని 2002లో తేలింది. అత్తగారి మునగాకు మంచిదే, విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటిని ఆపుతుంది, సాగిన కనుగుడ్డును మాత్రం తగ్గించదు. పరీక్ష యంత్రంతో మాత్రమే చేసి ఉంటే, చుక్కలు వేసి మళ్ళీ చేయించండి. పిల్లలు కంటి కండరాన్ని బిగపట్టడం వల్ల ఉన్నదానికంటే ఎక్కువ పవర్ కనిపిస్తుంది. పవర్ ఏటేటా పెరుగుతుంటే ఆ వేగాన్ని తగ్గించే తక్కువ మోతాదు అట్రోపిన్ మందు చుక్కలున్నాయి, అవి డాక్టరు రాస్తేనే వాడాలి. నీలికాంతిని ఆపే అద్దాలంటూ అదనంగా డబ్బు పెట్టకండి. కళ్ళ అలసట వాటితో తగ్గుతుందని పరీక్షల్లో నిలబడలేదు.

గాజువాక తండ్రి:
మరి కళ్ళ మంటలు, ఎర్రబడటం? అవి ఎండ లేకనా? నేను రోజంతా కంప్యూటర్ ముందు ఉంటాను, రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది.

సీతమ్మధార ఆప్టోమెట్రిస్టు:
అది తెర వల్లనే, అక్కడ మీతో నేనూ ఏకీభవిస్తాను. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు కొట్టుకునే రెప్ప, తెర ముందు అందులో సగం కూడా కొట్టుకోదు. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతలికి ఇరవై సెకన్లు చూడండి, రెప్పలు నిండుగా మూసి తెరవండి. ఏసీ గాలి ముఖానికి తగలనీయకండి.

అక్కయ్యపాలెం టీచర్:
నేను ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి చెబుతాను. అందరూ బడినే అంటున్నారు కనుక రాస్తున్నాను. రెండేళ్ళ క్రితం మేము రోజూ ఆఖరి పీరియడు ఆటలకిచ్చాం. నెల తిరగకముందే తల్లిదండ్రులే వచ్చి అడిగారు, ఫీజు కట్టేది ఆటలకా అని. ఆరో తరగతి నుంచే ఐఐటీ పాఠాలు కావాలన్నదీ వాళ్ళే. ఆ పీరియడు పోయింది. ఇంకొకటి, విశాఖ ఉక్కపోతలో ఏప్రిల్‌లో పిల్లల్ని మధ్యాహ్నం మైదానంలో నిలబెట్టగలమా? వడదెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత?

సీతమ్మధార ఆప్టోమెట్రిస్టు:
మధ్యాహ్నపు ఎండ అక్కర్లేదు టీచర్ గారూ. చెట్టు నీడ చాలు, ఆ నీడలో కూడా మీ గదిలో కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. ఉదయం ప్రార్థన, ఒక తెలుగు పాఠం, మధ్యాహ్నం భోజనం... ఇవి వేపచెట్టు కింద జరిగితే గంట దాటుతుంది, సిలబస్‌లో ఒక్క పేజీ పోదు. చెట్టే లేని బడికి పిల్లల్ని పంపడం మాత్రం మనం చేసిన తప్పు. మా క్లినిక్‌కు అయిదో తరగతిలో మైనస్ 5తో వచ్చిన పిల్లలున్నారు. పవర్ అంతకంతకూ పెరిగితే పెద్దయ్యాక రెటీనా ఊడే ముప్పు పెరుగుతుంది. ఆ ముప్పు ముందు ఒక పీరియడు లెక్కలోది కాదు.

మురళీనగర్ అమ్మ:
ఆ ఫీజు మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మీ బడిలో కాదు కానీ, అదే మాట నేనూ అన్నాను.

నిన్నటి నుంచి బాబుకు ట్యూషను మాన్పించాం. మావారికి ఇష్టం లేదు, ఫోను తాళం తీయనని మాత్రం అన్నారు, సరేనన్నాను. చిన్నదాన్ని బడి బస్సు వచ్చేలోగా ముప్పావు గంట పార్కులో వదులుతున్నాను. వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. భోజనం మేడ మీద రేకుల షెడ్డు కింద కాక, వెనకున్న ఖాళీ స్థలంలో చెట్ల కింద పెట్టమని అడుగుతాను. టీచర్ గారూ, ఈ మాట ఉపాధ్యాయులు అడిగితే నడుస్తుందా, మేము అడిగితేనా?

అక్కయ్యపాలెం టీచర్:
మీరే అడగాలి. నలుగురైనా కలిసి రండి. ఒక్కరొస్తే "చూద్దాం" అని పంపేస్తారు.