బరాసి కెరీర్ బోర్డు: అంకెలు ఎలా వేయాలి?

ప్రశ్న: ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ దిగ్గజం రాన్ బరాసి (1936–2023) గౌరవార్థం ఒక బోర్డు చేస్తున్నాం. "10 ప్రీమియర్‌షిప్‌లు" (ప్రీమియర్‌షిప్ అంటే లీగ్ టైటిల్) అని రాస్తే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండీ, విడగొట్టండి. ఆటగాడిగా 6, అన్నీ మెల్‌బోర్న్ క్లబ్‌కే: 1955, 56, 57, 59, 60, 64. కోచ్‌గా 4: కార్ల్‌టన్ 1968, 1970, నార్త్ మెల్‌బోర్న్ 1975, 1977. అందరూ తప్పేది 1968 దగ్గరే. అప్పటికి ఆయన ఆడుతూ కోచింగ్ కూడా చేస్తున్నాడు గానీ ఆ ఫైనల్లో ఆడలేదు. దాన్ని రెండు వైపులా వేస్తే మొత్తం 11 అయి కూర్చుంటుంది! మ్యాచ్‌లు మెల్‌బోర్న్‌కి 204, కార్ల్‌టన్‌కి 50.

జవాబు 2: "ఏఎఫ్‌ఎల్ ప్రీమియర్‌షిప్" అనకండి. 1990 దాకా లీగ్ పేరు వీఎఫ్‌ఎల్ (విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్), ఆ తర్వాతే ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్).

చోటుంటే 1970 ఫైనల్ తప్పక పెట్టండి. సగం ఆటకి ప్రత్యర్థి కాలింగ్‌వుడ్ 44 పాయింట్లు ముందుంది. విరామంలో బరాసి చెప్పింది ఒకటే: చేతి పాస్‌తో బంతిని వేగంగా ముందుకు నడపమని. చివరికి కార్ల్‌టన్ 17.9 (111), కాలింగ్‌వుడ్ 14.17 (101). చుక్కని దశాంశం అనుకుని మార్చేయకండి: ముందుది గోల్స్, ఒక్కోటి 6 పాయింట్లు, తర్వాతది బిహైండ్స్ (గోల్ కొద్దిలో తప్పినప్పుడు వచ్చేవి), ఒక్కోటి 1.

ప్రశ్న వేసినవారు: జెర్సీ నంబరు?

జవాబు 1: 31. లిబియాలోని టోబ్రూక్ యుద్ధంలో 1941లో చనిపోయిన తండ్రి నంబరు కూడా అదే, ఆయనా మెల్‌బోర్న్ ఆటగాడే. బోర్డులో అన్నిటికన్నా పెద్దగా ఆ అంకే వేయండి.